ముప్పై మిల్లీలీటర్ల లెక్క

స్ప్రే గన్ను ఒకసారి కడగడానికి ఎంత థిన్నర్ కావాలని పెయింటర్లను అడిగితే జవాబు మిల్లీలీటర్లలో రాదు, కప్పుల్లో వస్తుంది. సగం కప్పు, ముప్పావు కప్పు, రంగు ముదురైతే నిండు కప్పు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనుండే టింకరింగు షెడ్లలోనూ, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, పాలకొండ వంటి ఊళ్లలో ఇనుప బీరువాలు, గేట్లు, గ్రిల్సు చేసే దుకాణాల్లోనూ పద్ధతి ఇంచుమించు ఒకటే. పని అయిపోగానే కప్పులో థిన్నర్ పోస్తారు, నాలుగు కుదుపులు కుదుపుతారు, గోడ వైపో గాలిలోకో గురిపెట్టి రంగు పోయేదాకా ఊదుతారు, మిగిలినది షెడ్డు వెనక నేలమీద పారబోస్తారు. ఇందులో థిన్నర్ దండగ అవుతోందన్నది అందరికీ తెలిసిన మాటే. అంత దండగ చేసినా గన్ను సరిగ్గా శుభ్రపడటం లేదన్నది అంతగా తెలియని మాట. అందులో పదో వంతు థిన్నర్‌తో అంతకన్నా శుభ్రంగా కడగవచ్చని నా వాదన. దీనికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. హైస్కూలు లెక్క ఒకటి చాలు. అంకెలు చెవితో వినడం కష్టమే గనుక దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి.

పని ముగిశాక మిగిలిన రంగంతా డబ్బాలోకి ఒంపేశాం. అయినా కప్పు గోడలకు, లోపలి దారికి, నాజిల్ చుట్టూ కలిపి 10 మిల్లీలీటర్ల రంగు అంటుకుని ఉందనుకుందాం. అందులో 300 మిల్లీలీటర్ల థిన్నర్ ఒకేసారి పోసి బాగా కలిపితే మొత్తం 310 అవుతుంది. దాన్ని ఖాళీ చేసినా గోడలకు మళ్లీ 10 మిల్లీలీటర్ల తడి అంటుకునే ఉంటుంది. ఆ తడిలో మొదటి రంగులో 31వ వంతు మిగిలిపోతుంది. ఇప్పుడు అదే గన్నులో 300 బదులు 30 మాత్రమే పోసి, కలిపి, ఒంపేద్దాం. నాలుగో వంతు రంగు మిగిలింది. మరో 30 పోసి జాడిస్తే పదహారో వంతు. మూడోసారి జాడిస్తే 64వ వంతు. మొత్తం వాడింది 90. గన్నులో మిగిలిన రంగు మాత్రం 300 కుమ్మరించినప్పటి దాంట్లో సగం కూడా లేదు. బియ్యం కడిగే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. బిందెడు నీళ్లు ఒక్కసారి దిమ్మరించదు, కొద్దికొద్దిగా పోసి మూడుసార్లు వంచుతుంది. రసాయనశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థికి కూడా ప్రయోగశాలలో మొదటి రోజుల్లోనే ఇదే చెబుతారు: ఉన్న ద్రావణిని విడతలుగా పంచి వాడు.

ఈ లెక్కలో ఇంకో కీలకం దాగి ఉంది. మనం 10 మిల్లీలీటర్లు అంటుకుని ఉందనుకున్నాం. చుక్క థిన్నర్ కూడా పోయకముందే ఆ పదిని అయిదు చేయగలిగితే? కప్పును తలకిందులుగా ఒక నిమిషం వదిలేసి, గోడల్ని మెత్తటి రబ్బరు పట్టీతో గీకేస్తే అది సాధ్యమే. అప్పుడు ఒక్కో జాడింపుకీ రంగు నాలుగో వంతుకు కాక ఏడో వంతుకు పడిపోతుంది. మూడు జాడింపులయ్యేసరికి 343వ వంతు. అంటే ఒక్క రబ్బరు పట్టీ చేసిన మేలు ఒకేసారి కుమ్మరించిన లీటర్ల కొద్దీ థిన్నర్ కూడా చేయలేదు. పైగా గీకిన రంగు ప్రైమరు పనికో, కనబడని లోపలి భాగాలకో మళ్లీ పనికొస్తుంది. ఈ మధ్య ఇళ్ల గోడలకు కూడా ఎయిర్‌లెస్ స్ప్రే మెషీన్లు వస్తున్నాయి. పావు అంగుళం లోపలి వ్యాసం ఉన్న 15 మీటర్ల గొట్టంలో దాదాపు అర లీటరు రంగు నిలిచి ఉంటుంది. దాన్ని కడిగి కాలువలో కలిపేసేవాళ్లు అర లీటరు రంగు డబ్బుల్నీ కలిపేస్తున్నట్టే. ముందు ఆ రంగును డబ్బాలోకి నెట్టించుకుని, నీళ్లు కనబడ్డాక గొట్టం మూతి బకెట్‌లోకి మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు 90 నుంచి 30కి ఎలా దిగుతామో చూద్దాం. మూతలున్న మూడు డబ్బాలు కావాలి. ఒకదానిలో మురికి థిన్నర్, రెండోదానిలో కాస్త మురికిది, మూడోదానిలో కొత్తది. మొదటి జాడింపు మురికిదానితో, రెండోది కాస్త మురికిదానితో, ఆఖరిది మాత్రమే కొత్తదానితో. ఆఖరి జాడింపులో వచ్చింది తర్వాతిసారి రెండో జాడింపుకు, రెండో జాడింపులో వచ్చింది తర్వాతిసారి మొదటి జాడింపుకు దిగుతుంది. కడిగిన ప్రతిసారీ కొత్తగా పట్టేది ఒక్క 30 మిల్లీలీటర్లే. వాడిన థిన్నరే మళ్లీ వాడుతున్నాం గనుక శుభ్రత కొంత తగ్గుతుంది, నిజమే. లెక్క కడితే 64వ వంతుకు బదులు 40వ వంతు రంగు మిగులుతుంది. అయినా 300 కుమ్మరించినప్పటి 31వ వంతు కన్నా మేలే. మొదటి జాడింపు నుంచి వచ్చే చిక్కటి మురికిని వేరే డబ్బాలో నాలుగైదు రోజులు కదలకుండా ఉంచితే రంగు పొడి అడుగుకు దిగుతుంది. పైన తేరిన థిన్నర్‌ను మెల్లగా వంచుకుంటే మళ్లీ మొదటి జాడింపుకు వస్తుంది. తేరినదాంట్లో కూడా రెజిన్ కరిగే ఉంటుంది, కాబట్టి దాన్ని ఫినిషింగు రంగులో కలపకూడదు, కడగడానికే వాడాలి. పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లోనూ చక్కెర మిల్లుల్లోనూ ఇదే సూత్రం పెద్ద ఎత్తున నడుస్తోంది. సంకిలి చక్కెర ఫ్యాక్టరీ వంటి చోట చెరకు పిప్పి మీద నీళ్లు, పలచటి రసం ఎదురుదారిలో పోసి తీపినంతా పిండుకునే తీరు గుర్తున్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

అయితే ఇంత కుమ్మరించే అలవాటు ఎక్కడిది? నా అంచనాలో ఇది పాత రంగుల నుంచి వచ్చిన అలవాటు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చింది. అంతకుముందు కారుకు బ్రష్షుతో వార్నిషు పూతలు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరిపోయేది. అంత తొందరగా ఆరేదాన్ని బ్రష్షుతో లాగలేరు కనుక స్ప్రే గన్ను తప్పనిసరైంది. మన షెడ్లలో నేటికీ డ్యూకో అనే పేరు వినబడుతూనే ఉంది. ఆ రంగుకు ఒక మంచి గుణం ఉంది. ద్రావణి ఆవిరైపోవడం వల్ల మాత్రమే ఆరుతుంది, కాబట్టి ఎండిపోయాక కూడా థిన్నర్ పోస్తే మళ్లీ కరుగుతుంది. గన్నును సాయంత్రం వదిలేసి మర్నాడు కడిగినా నడిచిపోయేది. ఇప్పుడు ఎక్కువగా వాడే పీయూ (పాలీయురేథేన్) రంగుల సంగతి వేరు. రంగులో హార్డ్‌నర్ కలిపిన క్షణం నుంచి రసాయన చర్య మొదలవుతుంది. గట్టిపడ్డాక అది కరగదు, మహా అయితే ఉబ్బి ఊడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. డబ్బా మీద రాసిన గడువు సాధారణంగా 25 డిగ్రీలకో అటూ ఇటూగానో రాసినది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ గడువు సగానికి సగం తగ్గిపోతుంది. పీయూ వాడిన గన్నుకు పది నిమిషాల్లో పోసిన ముప్పై మిల్లీలీటర్లు చేసే పనిని, మూడు గంటల తర్వాత పోసిన లీటరు చేయలేదు. టీ తాగొచ్చి కడుగుదాం అనుకోవడం దగ్గరే థిన్నర్ ఖర్చు మొదలవుతుంది.

గన్ను నిర్మాణం కూడా ఈ వాదనకే సాక్ష్యం చెబుతుంది. కప్పు పైనుండే గన్నయితే గాలి గొట్టం తీసేసి ట్రిగ్గర్ నొక్కితే చాలు, థిన్నర్ తన బరువుకు తానే నాజిల్ గుండా కారుతుంది. దాన్ని డబ్బాలోకి పట్టుకోవచ్చు, ఊదాల్సిన పనే లేదు. కింది కప్పు గన్నుకు కొంచెం గాలి కావాలి, అదీ తగ్గించిన ప్రెషరుతో, డబ్బా మూతి దగ్గర గుడ్డ అడ్డం పెట్టి. తర్వాత ఎయిర్ క్యాప్, నాజిల్, నీడిల్ విప్పి, వాటి మీద కాస్త థిన్నర్ వేసి నైలాన్ బ్రష్షుతో రుద్దితే అయిపోతుంది. ఎయిర్ క్యాప్ రంధ్రాల్లో ఇనుప తీగ దూర్చకూడదు. రంధ్రం అంచు ఒక్క వెంట్రుకవాసి గీసుకుపోయినా స్ప్రే ఒకవైపుకు లాగుతుంది. పుల్ల వాడండి. గన్ను మొత్తాన్ని రాత్రంతా థిన్నర్‌లో ముంచి ఉంచడం కొందరికి అలవాటు. దానివల్ల ప్యాకింగులు పాడవుతాయి, స్ప్రింగు దగ్గరి గ్రీజు కడుక్కుపోతుంది, మురికి థిన్నర్ గాలి దారుల్లోకి ఎక్కి అక్కడే ఎండుతుంది. తర్వాతి బానెట్టు మీద పడే రంగు పెచ్చులు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే.

ఇక గాలిలోకి ఊదిన థిన్నర్ ఏమవుతుంది? ఆవిరైపోయింది కదా, పోయినట్టే కదా అంటారు. పోలేదు, పక్కవాడి ఊపిరిలోకి మారింది. పొడవు 6 మీటర్లు, వెడల్పు 4, ఎత్తు 3 ఉన్న షెడ్డును తీసుకుందాం. అందులో 72 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 300 మిల్లీలీటర్ల థిన్నర్‌లో సగం టోలుయీన్ అనే ద్రావణి అనుకుంటే దాని బరువు 130 గ్రాములు. తలుపులు మూసి ఊదితే ఘనపు మీటరుకు 1.8 గ్రాములు. మన పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు టోలుయీన్‌కు పెట్టిన ఎనిమిది గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 375 మిల్లీగ్రాములు. గన్ను కడిగే ఆ కాసేపు అక్కడి గాలిలో టోలుయీన్ ఆ హద్దుకు దాదాపు అయిదు రెట్లు. ఎనిమిది గంటల సగటుతో ఒక్క క్షణాన్ని పోల్చడం సరికాదని నిపుణులు అనవచ్చు, ఒప్పుకుంటాను. కానీ రంగు వేసేటప్పుడు ఎలాగూ పీల్చిన ఆవిరికి ఇది అదనం, పైగా ఏ పనీ సాగని అదనం. ముక్కుకు కట్టుకునే తువ్వాలు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. ఉత్తేజిత బొగ్గు గుళిక ఉన్న మాస్కే ఆపుతుంది. నిప్పు సంగతి వేరే చెప్పాలి. టోలుయీన్ ఆవిరి అంటుకోవడానికి 4 డిగ్రీల వేడి చాలు. మన తీరంలో ఏ చలికాలపు తెల్లవారుజామూ అంత చల్లగా ఉండదు. ఆ ఆవిరి గాలికన్నా మూడింతలు బరువైనది, నేలబారున పాకుతూ కంప్రెసర్ స్విచ్చు దాకా చేరగలదు. థిన్నర్ ప్రియమని పెట్రోలుతో కడిగేవాళ్లు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుకుంటున్నారు, వాళ్ల గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

నేలమీద పారబోసినదాని లెక్క ఇంకా కఠినం. తాగే నీటిలో టోలుయీన్ లీటరుకు 0.7 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అంటే ఒక్క గ్రాము టోలుయీన్ 1,400 లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోతుంది. పారబోసినదాంట్లో చాలా భాగం ఆవిరవుతుంది, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయి, నిజమే. కానీ మనది ఇసుక నేల, నాగావళి, చంపావతి ఇసుకలోంచి ఊరే నీళ్లు పట్టణాలకు పారే నేల, పల్లెల్లో ఇంటింటికీ బోరుండే నేల. రోజూ ఒకేచోట పోస్తే మట్టి జీర్ణించుకునే దానికన్నా దిగిపోయేది ఎక్కువ కావచ్చు. థిన్నర్‌తో పాటు పోయే రంగు పొడి అయితే అసలు ఎక్కడికీ పోదు, అందులో సీసం కూడా ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని కేంద్రం 2016లో నియమాలు చేసింది. అవి గృహ, అలంకరణ రంగులకే. లారీలకు, యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగులు వాటి పరిధిలోకి రావు. పసుపు, నారింజ రంగుల్లో సీసం క్రోమేటు వాడకం అందరికీ తెలిసినదే.

ఇంతవరకు విన్న షెడ్డు యజమాని వేసే మొదటి ప్రశ్న: అంత టైము ఎక్కడిది? న్యాయమైన ప్రశ్నే. మూడుసార్లు జాడించి, విప్పి, తుడవడానికి కుమ్మరించి ఊదేదానికన్నా అయిదారు నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు. దానికి ఎదురుగా డబ్బు లెక్క పెడదాం. రోజుకు నాలుగుసార్లు, నెలకు 25 రోజులు కడిగే షెడ్డులో సారికి 300 మిల్లీలీటర్ల చొప్పున నెలకు 30 లీటర్లు అవుతుంది. 30 మిల్లీలీటర్ల చొప్పున 3 లీటర్లు. లీటరు 150 రూపాయలనుకుంటే 4,500 ఎక్కడ, 450 ఎక్కడ. నెలకు పది గంటల పనికి నాలుగు వేల పైచిలుకు మిగులు. మూసుకుపోయిన నాజిల్ వల్ల ఒక్క డోరు మళ్లీ రుద్ది మళ్లీ పూత వేయాల్సి వస్తే పోయే పూట ఈ లెక్కలో కలపనే లేదు.

పెయింటరు వేసే ప్రశ్న వేరు. పాత థిన్నర్‌తో కడిగితే తర్వాతి రంగు చెడదా, పూతలో చేపకళ్లలాంటి గుంటలు పడవా? చేపకళ్లకు ముఖ్య కారణం సిలికాన్ పాలిష్‌, గాలిలో వచ్చే కంప్రెసర్ నూనె. రంగుకు చివరగా తగిలేది ఎప్పుడూ కొత్త థిన్నరే గనుక మూడు డబ్బాల పద్ధతిలో ఆ భయం తక్కువ. కాకపోతే ఒక సందర్భంలో ఆయన మాటే నెగ్గుతుంది. ఎరుపో నలుపో వేసిన గన్నుతో వెంటనే తెలుపు వేయాలన్నా, మెటాలిక్ తర్వాత సాదా రంగు వేయాలన్నా 40వ వంతు మిగులు చాలదు, ఇంకో రెండు కొత్త జాడింపులు కావాలి. అప్పుడు కూడా వంద మిల్లీలీటర్లు దాటదు. ఇంకా మంచి ఉపాయం, రంగుల వరుసను లేత నుంచి ముదురుకు పెట్టుకోవడం. పీయూ విషయంలో ఒక హెచ్చరిక కూడా అవసరం. హార్డ్‌నర్ కలిసిన మురికి థిన్నర్‌ను మామూలు డబ్బాలో కలపకండి, వెంటనే బిగించి మూయకండి. హార్డ్‌నర్‌లోని ఐసోసయనేటు తేమతో కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, గట్టి మూత ఉన్న డబ్బా పగలవచ్చు. విడిగా, నీడలో, నిప్పుకు దూరంగా, మూత వదులుగా ఉంచాలి.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు ట్యాంకర్ల కొద్దీ ద్రావణులు వాడుతుంటే, ఈ కప్పెడు థిన్నర్ మీద ఇంత రాద్ధాంతమా? పరిమాణంలో పోలికే లేదు, ఒప్పుకోవలసిందే. అయితే ఆ ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి, ద్రావణిని మళ్లీ పట్టుకునే ఏర్పాటు ఉండాలి, తప్పు చేస్తే అడిగేందుకు ఒక చిరునామా ఉంటుంది. షెడ్డుకు ఇవేవీ లేవు. అది బడి పక్కన, బోరు పక్కన, ఇళ్ల నడుమ ఉంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అక్కడ చూసేది ముఖ్యంగా దుమ్ము కణాలే అయినా, ద్రావణుల ఆవిరి ఎండలో మారి సూక్ష్మ కణాలకు, ఓజోన్‌కు కారణమవుతుందని వాతావరణ శాస్త్రం తేల్చింది. అమెరికా పర్యావరణ సంస్థ 2008లో చిన్న వర్క్‌షాపుల కోసమే ఒక నియమం తెచ్చి, గన్ను కడిగేటప్పుడు ద్రావణిని గాలిలోకి తుంపరగా ఊదకూడదని అందులో రాసింది. పెద్ద ఫ్యాక్టరీలను వదిలేసి వీళ్ల మీద పడ్డారని అక్కడా గొణిగారేమో, నియమం మాత్రం నిలిచింది.

మన దగ్గర ఇప్పుడున్న ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016 నాటివి. వాడేసిన ద్రావణి, రంగుల మడ్డి వాటి జాబితాలోకే వస్తాయి. ఇక్కడ మాత్రం తప్పు షెడ్డువాడిదని అనలేను. ఎంత పొదుపుగా కడిగినా నెలకు ఒకటి రెండు కిలోల మడ్డి డబ్బా అడుగున చేరుతుంది. దాన్ని ఏం చేయాలి? ఇలాంటివాటిని భద్రపరిచే కేంద్రం పరవాడ ఫార్మా సిటీలో ఉంది, విజయనగరం నుంచి వంద కిలోమీటర్ల లోపే. కిలో మడ్డి పట్టుకుని ఎవరూ పరవాడ వెళ్లరు, వెళ్లినా ఆ కేంద్రం పని డ్రమ్ముల లెక్కలో సాగేది. పాతిక షెడ్లు కలిస్తే డ్రమ్ము నిండుతుంది. నియమాల ప్రకారం నిల్వ 90 రోజులు దాటకూడదు, కాబట్టి మూడు నెలలకు ఒక బండి చాలు. ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టాలి, దాని మీద చీటీ ఎవరు రాయాలి, బండి కిరాయి షెడ్ల సంఘం భరించాలా మున్సిపాలిటీ భరించాలా అన్నది కలెక్టరేట్‌లో ఒక సమావేశంలో తేలే విషయం. అందాకా మడ్డిని థిన్నర్ పూర్తిగా ఆరనిచ్చి, మూత ఉన్న ఇనుప డబ్బాలో, పిల్లలకు అందకుండా ఉంచడం తప్ప దారి లేదు.